11 నెలల స్ప్రింగర్ స్పానియల్‌ను ఈ అక్టోబరులో బీటింగ్‌కు తీసుకెళ్ళవచ్చునా?

ప్రశ్న: టీమ్‌గట్టు, శ్రాప్‌షైర్

అందరికీ నమస్కారం. మేము కొన్నేళ్ళుగా లడ్లోకు దగ్గరలోని ఒక పల్లెలో ఉంటున్నాము. మా ఇంట్లో పనికుక్కల వంశంలో పుట్టిన ఇంగ్లీష్ స్ప్రింగర్ స్పానియల్ ఆడకుక్క ఉంది. ఈ ఆగస్టు చివరికి దానికి 11 నెలలు నిండుతాయి. ఊరి చుట్టూ ఉన్న ఎస్టేట్‌లో ఏటా ఫెజెంట్ (కోడిజాతి వేటపక్షి) షూట్ జరుగుతుంది. అక్కడి గేమ్‌కీపర్ (వేటపక్షులను చూసుకొంటూ షూట్ నడిపే ఉద్యోగి) ఒకరోజు దారిలో మా కుక్కను చూసి, బీటర్లు (వరుసగా నడుస్తూ పొదలు తట్టి పక్షులను తుపాకుల వైపు లేపేవారు) తక్కువగా ఉన్నారనీ, అక్టోబరు నుంచి శనివారాలు దీనిని వెంటబెట్టుకొని వరుసలో నడవడానికి వస్తే బాగుంటుందనీ అన్నారు. మన వైపు 1972 నాటి చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది కనుక, ఈ పని తెలిసినవారిని తెలుగులో అడగాలంటే ఇక్కడ బ్రిటన్‌లో స్థిరపడిన మీలాంటివారినే అడగాలి.

కుక్క ఇప్పటివరకు నేర్చుకున్నది ఇది. పెరట్లోనూ ఖాళీ పొలంలోనూ ఒక పొడుగాటి ఈలకు కూర్చుంటుంది, చిన్న చిన్న ఈలలకు వెనక్కి వస్తుంది, విసిరిన డమ్మీని (పక్షికి బదులుగా వాడే గుడ్డచుట్ట) చేతికి తెచ్చి ఇస్తుంది. ముళ్ళపొదల్లోకి చొరబడటానికి వెనకాడదు. అయితే పోయిన వారం కంచె అడుగునుంచి ఒక ఫెజెంట్ పుంజు రెక్కలు టపటపలాడిస్తూ లేచేసరికి దాని వెంటబడి పక్క పొలం దాటిపోయింది. ఎంత ఊదినా ఈల దాని చెవికి ఎక్కలేదు.

ఈ స్థితిలో దానిని వరుసలోకి తీసుకెళ్తే అక్కడే నేర్చుకుంటుందా, లేక చెడిపోతుందా? తీసుకెళ్ళేటట్లయితే తాడుతో నడిపించాలా, వదలాలా? తుపాకి చప్పుడు ఇంతవరకు దగ్గరనుంచి వినలేదు; దానికి ఎలా అలవాటు చేయాలి?

జవాబు: పాతబీటర్, నార్త్ యార్క్‌షైర్

టీమ్‌గట్టు గారూ, కీపర్ పిలిచారు కనుక మీరు తప్పకుండా వెళ్ళండి. కుక్కను మాత్రం ఈ అక్టోబరుకు ఇంట్లో ఉంచి వెళ్ళండి. కర్రతో పొదలు తడుతూ, జెండా ఊపుతూ, పక్కవారితో సమానంగా వరుస తప్పకుండా నడిచే మనిషి కూడా కీపర్‌కు అవసరమే. కుక్క లేకుండా కొన్ని శనివారాలు నడిస్తే, ఏ డ్రైవ్‌లో (అంటే పక్షులను తుపాకుల వైపు తోలే ఒక్కో విడతలో) పక్షులు ఎక్కడ గుమికూడతాయో, ఎవరి కుక్కలు మాట వింటాయో, ఎవరివి వినవో మీకే తెలుస్తుంది. రేపు మీ కుక్కను ఎవరి పక్కన నడిపించకూడదో తెలియడం చిన్న విషయం కాదు.

ఇంగ్లండులో ఫెజెంట్ సీజన్ అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 వరకు నడుస్తుంది. సీజన్ మొదట్లో మొక్కజొన్న, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) పట్టీలు ఆకుతో దట్టంగా ఉంటాయి; వేసవిలో పెంచి అడవిలోకి వదిలిన పక్షులన్నీ ఇంకా అక్కడే ఉంటాయి. అడుగడుగునా వాసన, అడుగడుగునా పక్షి. అనుభవమున్న కుక్కకే తల తిరిగే చోటు అది. ఏడాది అప్పుడే నిండిన కుక్కకు అక్కడ వాసన పట్టి వెతకాల్సిన అవసరమే ఉండదు. ఎటు దూకినా ఏదో ఒకటి లేస్తుంది, లేచినదానినల్లా తరమవచ్చునని దానికి రెండు గంటల్లో అర్థమైపోతుంది. రెండు గంటల్లో పట్టిన ఆ అలవాటును వదిలించడానికి ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది.

అసలు ప్రమాదం డ్రైవ్ చివరి ఇరవై ముప్పై గజాలలో ఉంది. ఫెజెంట్‌కు ఎగరడం కన్నా పరుగెత్తడమే ఇష్టం కనుక, వరుస ముందుకు వస్తున్నకొద్దీ పక్షులు నేలమీదనే పారిపోతూ పట్టీ చివర కుప్పపడతాయి. అక్కడ కీపర్ చెయ్యి ఎత్తితే వరుస మొత్తం ఆగిపోవాలి. బీటర్లు నిలబడినచోటనే కర్రలతో మెల్లగా తడుతూ ఉంటే పక్షులు రెండూ మూడూ చొప్పున లేచి తుపాకుల మీదుగా వెళ్ళాలి. ఎదురుగా మామూలుగా ఎనిమిది మంది తుపాకులతో నిలబడి ఉంటారు. ఒక్కొక్కరి తుపాకిలో రెండే తూటాలు పడతాయి. సరిగ్గా ఆ సమయంలో ఒక కుర్రకుక్క వరుస దాటి ముందుకు దూకిందంటే వంద పక్షులు ఒక్కసారిగా లేస్తాయి. మళ్ళీ తూటాలు నింపుకొనేలోపే డ్రైవ్ ఖాళీ అయిపోతుంది. కీపర్ వేసవి అంతా పడిన కష్టం అర నిమిషంలో గాలికి పోతుంది. ఆయన మీ ముఖాన ఏమీ అనకపోవచ్చు. మళ్ళీ పిలవకపోవడమే ఆయన జవాబు.

కుక్క వైపునుంచి చూసినా అదే చోటు చేటు చేస్తుంది. చుట్టూ రెక్కల చప్పుడు, పక్కవాళ్ళ కుక్కలు పరుగులు తీస్తుంటాయి, వాటి యజమానులు ఊదే ఈలలు చెవుల్లో మోగుతుంటాయి. స్పానియల్ పెంచేవారిలో చాలామంది ఆక్మే 210½ ఈలనే వాడతారు. అన్ని ఈలలూ ఒకే స్థాయిలో మోగేటట్లు తయారవుతాయి కనుక ఒకటి పోయినా అలాంటిదే మరొకటి కొనుక్కోవచ్చునన్నది దాని సుగుణం. వరుసలో ఆ సుగుణమే తిరగబడుతుంది. నలుగురు ఊదే ఒకేరకం ఈలలో ఏది తనదో కుక్కకు తెలియదు, కాబట్టి ఏదీ తనది కాదని తేల్చుకుంటుంది. అందుకని వరుసలో నేను ఈల చాలా తక్కువగా ఊదుతాను. మెల్లగా పేరు పెట్టి పిలిస్తే వినేంత దగ్గరలో కుక్కను తిప్పుతాను. దగ్గర అంటే పది పదిహేను గజాలు, అంతకుమించి కాదు.

ఇక ఇప్పుడు చేయవలసింది ఒక్కటే ముఖ్యమైనది: పక్షి లేవగానే కూర్చోవడం. డమ్మీ తేవడం, చేతి సైగలు అన్నీ తరువాత నేర్చుకోవచ్చు. మొదట టెన్నిస్ బంతిని ముందునుంచి దొర్లించి, దానితో పాటే ఆపే ఈల ఊది కూర్చోబెట్టండి; బంతిని మీరే వెళ్ళి తెచ్చుకోండి, కుక్కను పంపకండి. తరువాత పొడుగాటి తాడు కట్టి, మనుషుల అలికిడికి అలవాటుపడిన పావురాలో కుందేళ్ళో ఉన్నచోట, ఎదురుగాలిలో నడిపించండి. పక్షి లేచిన క్షణంలోనే ఈల పడాలి. కుక్క నాలుగు అంగలు వేశాక ఊదిన ఈల ఆపే ఈల కాదు, తరిమే ఈల. తాడు బిగుసుకొని పల్టీ కొట్టే వేగం అందుకోనివ్వకండి, మెడకు దెబ్బ తగులుతుంది. లేచిన పక్షిని చూసి ఈల లేకుండానే తనంతట తాను కూలబడే రోజు వస్తుంది. అప్పటికి వయస్సు 15 నెలలైనా 20 నెలలైనా, అదే వరుసలోకి వెళ్ళే వయస్సు.

జనవరిలో ఒకటి రెండు డ్రైవ్‌లకు తీసుకెళ్ళవచ్చు. ఆకు రాలి ఉంటుంది, పక్షులు తగ్గి ఉంటాయి, చాలా షూట్‌లలో పుంజులను మాత్రమే కొట్టే రోజులుంటాయి. వరుస మొదలైనప్పుడు వదలండి, సగం దూరం వెళ్ళేసరికి తాడు వేయండి, చివరి ముప్పై గజాలు తాడుతోనే నడవండి. అనుభవమున్న నా కుక్కకు సైతం చివర్లో తాడు వేస్తాను. దానివల్ల మన పరువేమీ పోదు.

జవాబు: హెదర్‌కొండ, ఆంగస్

పాతబీటర్ గారు చెప్పినదానిలో చాలావరకు నేను ఒప్పుకుంటాను. అక్టోబరు వద్దన్నది నిజమే. అయితే "పక్షి లేచినప్పుడు కుదురు వచ్చేదాకా వరుస మొహం చూపించవద్దు" అన్న నియమాన్ని అక్షరాలా పాటించి, రెండేళ్ళు నిండేదాకా పచ్చికబయలులో బంతులతోనే గడిపిన కుక్కలను కూడా నేను చూశాను. అవి ఈలకు బొమ్మల్లాగా కూర్చుంటాయి. తీరా మొదటిసారి నిజమైన పొదలోకి పంపితే తలెత్తి యజమాని ముఖం చూస్తూ నిలబడతాయి, లేదా అన్నాళ్ళు బిగబట్టిన ఉత్సాహమంతా ఒక్కసారి బయటపెట్టి కనబడకుండా పోతాయి. స్పానియల్ పొదలు గాలించడానికి పుట్టిన కుక్క. ఆ పనిని పూర్తిగా ఆపివేసి కుదురు మాత్రమే నేర్పితే రెండూ రావు.

అందువల్ల షూట్ లేని రోజుల్లో, ఎస్టేట్ అంచున పక్షులు పలచగా ఉండే కంచెల వెంట, కీపర్ అనుమతి తీసుకొని ఆయన చెప్పిన చోటనే, వారానికి ఒకటి రెండుసార్లు పది నిమిషాలు తిప్పమని నా సలహా. పది నిమిషాల్లో ఒక్క పక్షి లేస్తే చాలు. అప్పుడు కుక్కను గమనించండి. ఊరికే తిరిగేటప్పుడు తోక ఒక తీరుగా ఊగుతుంది. వాసన తగలగానే తల కిందికి వంగి, తోక వేగం రెట్టింపై, వెనుక భాగమంతా దానితో పాటు కదులుతుంది. ఆ మార్పుకూ పక్షి లేవడానికీ మధ్య మీకు రెండు మూడు క్షణాలు దొరుకుతాయి. అప్పటికే ఈల మీ పెదవుల మధ్య ఉండాలి. మెడలో వేలాడుతున్న ఈలను వెతుక్కునేలోపు పక్షీ కుక్కా రెండూ వెళ్ళిపోతాయి.

ఇంకొక భేదాభిప్రాయం. జనవరి సులువని పాతబీటర్ గారు అంటున్నారు. నా అనుభవంలో జనవరిదాకా బతికిన పుంజు చాలా తెలివైనది. లేవదు, వంద గజాలు నేలమీదనే పరుగెత్తుతుంది. ఆ పరుగు వాసన వెంటబడి కుర్రకుక్క వరుసను వదిలి ఎంత దూరమైనా వెళ్తుంది. ఆకు లేదు కనుక అది మీకు కనబడుతుందన్నది ఒక్కటే లాభం. పక్షుల సంఖ్యను మాత్రమే చూసి నెలను నిర్ణయించుకోకండి. చిన్న డ్రైవ్ ఏదో, నేల ఏటవాలు లేకుండా ఎక్కడుందో కీపర్‌నే అడిగి దానిని ఎంచుకోండి.

మేము ఇక్కడ స్కాట్లండు మూర్‌లలో (హెదర్ అనే పొట్టి పొద కప్పిన బీడు కొండలలో) గ్రౌస్ అనే వేటపక్షి డ్రైవ్‌లకు వెళ్తుంటాము. ఆగస్టు 12న సీజన్ మొదలవుతుంది. బీటర్ల మధ్య దూరం చాలా ఎక్కువ, పక్షులు గుంపులుగా దూరంనుంచే లేచిపోతాయి, చుట్టూ హెదర్ తప్ప చెట్టన్నది ఉండదు. కుర్రకుక్కకు ఇది తేలికని కొందరు అంటారు గానీ, ఆగస్టు ఎండలో హెదర్ పుప్పొడి ముక్కులో నింపుకొని మైళ్ళ కొద్దీ నడవడం ఎదిగే ఒంటికి మంచిది కాదు. దానిపైన కొండ కుందేలు ఒకటి కాళ్ళ మధ్యనుంచి లేస్తుంది. స్కాట్లండులో 2021 మార్చి నుంచి ఆ జీవికి చట్టరక్షణ ఉంది. కుక్క దాని వెంటబడితే అది కుదురు లేకపోవడంతో పోయే విషయం కాదు.

జవాబు: రేవతి, డెవన్

నేను ఒక పశువైద్యశాలలో నర్సుగా పనిచేస్తున్నాను. సీజన్ అంతా స్పానియల్‌లే మా దగ్గరకు ఎక్కువగా వస్తాయి. శిక్షణ సంగతి పై ఇద్దరికీ వదిలి ఒంటి సంగతి మాత్రం చెబుతాను.

ఆడ స్పానియల్‌లు చాలావరకు మొదటిసారి ఎదకు వచ్చేది 6 నెలలకూ 12 నెలలకూ మధ్యనే. మీ కుక్క ఇంకా ఎదకు రాకపోయి ఉంటే అది సరిగ్గా అక్టోబరులోనే రావచ్చు. ఎదలో ఉన్న కుక్కను షూట్‌కు తీసుకురాకూడదు. ఇరవై మగకుక్కల పని ఆ రోజుకు అక్కడితో ముగిసినట్టే.

పొదల్లోకి వదిలేటప్పుడు మెడపట్టీ తీసివేయండి. ముళ్ళతీగకో కంచె తీగకో పట్టీ చిక్కుకొని కుక్క వేలాడిన సందర్భాలు ఉన్నాయి. బహిరంగ స్థలంలో కుక్క మెడకు చిరునామా ఉన్న పట్టీ ఉండాలన్న 1992 నాటి ఉత్తర్వు, వేట పనిలో ఉన్న కుక్కకు ఆ సమయంలో మినహాయింపు ఇస్తుంది. మైక్రోచిప్ ఎలాగూ తప్పనిసరి; ఫోన్ నంబరు మారితే అందులో మార్పించారో లేదో చూసుకోండి.

ఉదయం కడుపునిండా పెట్టి వెంటనే పరుగెత్తించకండి, కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. తెల్లవారుజామున కొంచెం, డ్రైవ్‌ల మధ్య విరామాల్లో చిన్న చిన్న ముద్దలు, అసలు భోజనం ఇంటికి వచ్చి ఒళ్ళు ఆరాక. బీటర్లు పంచుకొనే చాక్లెట్, ఎండుద్రాక్ష వేసిన కేకు కుక్కకు విషం. జేబులోంచి ముద్దుగా పెట్టేవారిని నిర్మొహమాటంగా వారించండి. సాయంత్రం కళ్ళను సెలైన్‌తో కడిగి, కనురెప్పల కింద గింజలూ పొట్టూ ఉన్నాయేమో చూడండి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, చంకల్లో, తొడల మధ్య చెయ్యి పెట్టి తడమండి. స్పానియల్ బొచ్చులో ముళ్ళగీతలు కంటికి కనబడవు, వేలికే తెలుస్తాయి. గోమార్లు (పశువులకు పట్టి రక్తం పీల్చే పురుగులు) దొరికితే వేళ్ళతో నలపకుండా హుక్‌తో తిప్పి తీయండి. వాటివల్ల వచ్చే లైమ్ వ్యాధి మనుషులకు కూడా వస్తుంది కనుక మీ కాళ్ళు కూడా చూసుకోండి.

తోక కత్తిరించని కుక్కయితే తోక చివర ముళ్ళకు చీలి రక్తం కారడం సాధారణం. పుట్టిన 5 రోజుల లోపు, పనికుక్క కాబోయే పిల్లకు, పశువైద్యుడు మాత్రమే తోక కత్తిరించవచ్చునని ఇంగ్లండు చట్టం. మీదానికి ఆ వయస్సు దాటింది కనుక ఎవరైనా "ఇప్పుడు తీయించండి" అంటే వినకండి.

టీమ్‌గట్టు, శ్రాప్‌షైర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివి కీపర్‌తో మాట్లాడాను. కుక్క లేకుండా రావడానికి ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. తరువాత ఆయనే, నవంబరు నుంచి కుక్కను తాడుతో పట్టుకొని ఒక మూల "స్టాప్"గా నిలబడవచ్చునని సూచించారు. పక్షులు పక్కనుంచి జారిపోకుండా కంచె మూలలో నిలబడి కర్రతో తడుతూ ఉండడమే పనట. ఇది దానికి మేలు చేస్తుందా? తుపాకి చప్పుడు సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

పాతబీటర్, నార్త్ యార్క్‌షైర్

కీపర్ మంచి ఆలోచన చెప్పారు. కుర్రకుక్కకు షూట్‌లో మొదటి కొలువు అదే కావాలి. పక్షులు కళ్ళముందు పరుగెడుతుంటాయి, తలమీదుగా ఎగురుతుంటాయి, దూరంగా తుపాకులు పేలుతుంటాయి. ఇవేవీ తన పని కాదన్నట్టు అది మీ కాలిపక్కన కూర్చోవాలి. అయితే రెండు జాగ్రత్తలు. స్టాప్ గంటసేపు కదలకుండా చలిలో నిలబడాలి. తడిసిన కుక్క వణుకుతుంది, పొడి కోటు ఒకటి వెంట ఉంచుకోండి. రెండవది మూలుగు. ఆత్రం ఆపుకోలేక కొన్ని స్పానియల్‌లు సన్నగా కుయ్యిమనడం మొదలుపెడతాయి. అది ఒకసారి అలవాటైతే పోవడం చాలా కష్టం, ఫీల్డ్ ట్రయల్‌లో (పనికుక్కల పోటీలో) అయితే కుక్కను అక్కడికక్కడే బయటికి పంపే తప్పు. మొదటి మూలుగు వినగానే బుజ్జగించకండి, కోప్పడకండి. వీపు తిప్పి పక్షులు కనబడని చోటికి నడవండి. రెండవ డ్రైవ్‌కు కూడా అదే చేస్తే ఆ రోజుకు కారులో పడుకోబెట్టండి.

తుపాకి చప్పుడు నవంబరుకు ముందే పూర్తికావాలి. ఒక స్నేహితుణ్ణి నూటయాభై గజాల అవతల, గాలి మీ దగ్గరనుంచి ఆయన వైపు వీచేటట్లు నిలబెట్టి, కుక్క గడ్డిలో ఏదో వెతుకుతూ తలమునకలై ఉన్నప్పుడు స్టార్టింగ్ పిస్టల్ ఒక్కసారి పేల్చమనండి. తల ఎత్తి చూసి మళ్ళీ పనిలో పడితే ఆ రోజుకు అంతే. కొన్ని వారాలపాటు దూరం తగ్గించుకుంటూ రండి. చెవులు వెనక్కి వాల్చినా, మీ కాళ్ళ దగ్గరకు వచ్చి నక్కినా దూరం మళ్ళీ పెంచి మొదలుపెట్టండి. క్లే షూటింగ్ మైదానానికి తీసుకెళ్ళి తుపాకుల వెనుక నిలబెట్టడం మాత్రం వద్దు; తుపాకికి బెదిరిన కుక్కలను ఇలా తయారుచేస్తున్నవారు ప్రతి ఏడాదీ కనబడుతూనే ఉన్నారు.

హెదర్‌కొండ, ఆంగస్

ఒక్క మాట. స్టాప్‌గా నిలబడినప్పుడు హారన్ మోతలను బాగా గుర్తుపెట్టుకోండి. చాలా షూట్‌లలో మొదటి మోతకు డ్రైవ్ మొదలు, వరుస దగ్గరికి వచ్చాక మరొక మోత వినబడితే తుపాకులు ఇక ముందుకు కాల్చకూడదు, చివరి మోతకు డ్రైవ్ ముగింపు. కొన్ని ఎస్టేట్‌లలో లెక్క వేరుగా ఉంటుంది, కాబట్టి ఉదయం కీపర్ చెప్పే మాటలు శ్రద్ధగా వినండి. చివరి మోత వినబడి, తుపాకులన్నీ విప్పి చేతికి వేలాడదీశారని మీ కంటితో చూశాకే కుక్క తాడు వదులు చేయండి. ఆ తరువాత మీ మూలలో పడిన పక్షి ఏదైనా ఉంటే, ఏరుకొనే కుక్కలవారిని అడిగి, కదలిక లేని చల్లబడిన పక్షిని ఒక్కదానిని తెమ్మని దానిని పంపండి. గాయపడి కొట్టుకొంటున్న దాని జోలికి ఈ సీజన్‌లో పంపకండి. పుంజు కాలిముల్లు ఒకసారి ముఖాన తగిలితే కుక్క పక్షిని గట్టిగా నొక్కిపట్టడం నేర్చుకుంటుంది, నోటి మెత్తదనం పోతుంది.